టిష్యూ పొట్లం పట్టిన సీటు

“అమ్మమ్మా, అది తీయొద్దు! పెట్టెయ్, పెట్టెయ్ అక్కడ!”

“ఎందుకు పెట్టాలే? ఎవరో మర్చిపోయి పోయారు.”

“మర్చిపోలేదు. సీటు పట్టుకున్నారు.”

“ఎవరు పట్టుకున్నారు? ఇక్కడ మనిషేడీ?”

“మనిషి లైన్లో ఉంటాడు, తిండి కోసం. బల్ల మీద టిష్యూ పొట్లం ఉందంటే ఆ సీటు అతనిది. చోప్ అంటారు ఇక్కడ. ప్లీజ్ అమ్మమ్మా, అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. నేనేమన్నా వాళ్ళ మెళ్ళో గొలుసు తెంపానా?”

“మొత్తం ఎన్ని తీశావు? సంచి చూపించు.”

“అయిదు.”

“అయిదా!”

ఇది నేను సింగపూర్‌లో దిగిన రోజు మధ్యాహ్నం, బెడోక్ అనే పేటలో, నా మనవరాలు హారికకూ నాకూ జరిగిన గొడవ. మేమున్న చోటును హాకర్ సెంటర్ అంటారు. పైన ఒక పెద్ద కప్పు, చుట్టూ వరసగా పెట్టెల్లాంటి వంట కొట్లు, మధ్యలో నేలకు బిగించిన బల్లలు. ఖాళీ బల్లల మీద అక్కడక్కడా కాగితపు రుమాళ్ళ పొట్లాలు పడి ఉన్నాయి. నేను చీరాలలో ముప్పై ఏళ్ళుగా పిండి మర నడుపుతున్నదాన్ని. గోనెసంచికి కట్టిన పురికొస కూడా పారేయను. అంత సరుకు గాలికి పోతుంటే చేతులు కట్టుకుని ఎలా నిలబడతాను?

గొడవలో మనవరాలే గెలిచింది. అయిదు పొట్లాలూ తిరిగి పెట్టడానికి బయల్దేరాను. కానీ ఏది ఏ బల్ల మీదిదో ఎవరికి గుర్తు? తోచినచోట తోచింది పెట్టాను. ఒక చైనీస్ పెద్దాయన పొగలు కక్కే సూపు గిన్నెతో వచ్చి, తన సీటు ముందు తనది కాని పొట్లం చూసి, గిన్నె పట్టుకుని నిలబడి చాలాసేపు ఆలోచించాడు. కూర్చోలేదు. వేరే చోటు వెతుక్కుంటూ పోయాడు. ఆయనకు వేళ్ళు కాలి ఉంటాయి. అయినా పొట్లాన్ని పక్కకు నెట్టలేదు.

మా దగ్గరా ఉంది ఈ పద్ధతి. చీరాల బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసురుతాం. కానీ తువ్వాలు వెనకాల ఒక గొంతు కూడా ఉండాలి. “ఏయ్, అది మాది” అని అరిచేవాళ్ళు లేకపోతే సీటూ పోతుంది, తువ్వాలూ పోతుంది. ఇక్కడ పొట్లానికి గొంతు అక్కర్లేదట. వీళ్ళు బతకనేర్వని వాళ్ళని అప్పుడనుకున్నాను.

హారిక నాకొక మసాలా దోసె తెచ్చింది. నాలుగు డాలర్లు. నేను చదివింది నాలుగో తరగతి. మా మాస్టారు ఇరవయ్యో ఎక్కం దాకా నేర్పి చేతులెత్తేశాడు. అరవై అయిదో ఎక్కం నాకు సింగపూరే నేర్పింది. డాలరుకు అరవై అయిదు రూపాయలు, అరవై అయిదు నాలుగులు రెండు వందల అరవై. అదే దోసె మా వీధి మొదట్లో బండి మీద నలభై రూపాయలు, పైగా అడిగినంత చట్నీ.

“నువ్వు తినవా?” అన్నాను.

“తినే వచ్చాను.”

తినే వచ్చిన పిల్ల నేను వదిలేసిన దోసె అంచుతో చట్నీ గిన్నె అడుగు దాకా తుడిచింది. నీళ్ళలా ఉందని నేను పక్కన పెట్టిన సాంబారు ఎత్తి గటగటా తాగింది. చూస్తూ కూర్చున్నాను. నేను వెళ్ళిందే చూడటానికి. ఏడాదిన్నరగా ఈ పిల్ల ఇక్కడ ప్రైవేటు కాలేజీలో హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చదువుతోంది. ఆరు నెలలుగా ఫోన్ చేస్తే కెమెరా ఆపి మాట్లాడుతోంది. అదేమంటే నెట్ స్లో అంటుంది. చీరాలలో లేని స్లో సింగపూర్‌కి ఎక్కడి నుంచి వచ్చింది? దీని అమ్మ చీరలకు ఫాల్స్ కుడుతుంది, నాన్న ఆటో తోలతాడు. వాళ్ళు కదల్లేరు. చీటీ పాడి నేను ఎక్కాను విమానం.

విమానాశ్రయంలో నన్ను కావలించుకున్నప్పుడే తెలిసింది. వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు లెక్కపెట్టొచ్చు. లావు తగ్గడానికి ఏదో పిచ్చి పథ్యం చేస్తోందనుకున్నాను. లేకపోతే ప్రేమ. ఆ వయసులో తిండి మానేయడానికి నాకు తెలిసిన కారణాలు రెండే.

అద్దె గది, ఎనిమిది వేళ్ళు

హారిక ఉండేది బెడోక్‌లోనే, పన్నెండో అంతస్తులో ఒక ఫ్లాట్‌లో. ఒక గదిలో ముగ్గురు ఆడపిల్లలు. మిగతా ఇద్దరిలో ఒకతి కడప, ఒకతి బర్మా. ఇంటావిడ చైనీస్ ముసలమ్మ, నా ఈడుదే. నేను ఆ గదిలో నేల మీద చాప వేసుకుని పడుకుంటానన్నందుకు రాత్రికి పది డాలర్లని పది వేళ్ళు చూపించింది. నేను అయిదు చూపించాను. ఆవిడ తొమ్మిది. నేను ఆరు. ఆవిడ ఎనిమిది వేళ్ళు చూపించి, రెండు చేతులూ వెనక్కి దాచేసుకుంది. మనిషి నాకు వెంటనే నచ్చింది.

ఆ ఇంట్లో తాళింపు వేయకూడదు. నీళ్ళు కాచుకోవచ్చు, నూడుల్స్ ఉడకబెట్టుకోవచ్చు, అంతే. గోడలకు నూనె పడుతుందట. గదిలోంచి మనం కాలు బయట పెట్టేలోపు ఆవిడ వచ్చి ఫ్యాను కట్టేస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకు పోస్తుంది, సబ్బు ముక్కలు కలిపి ఉండ చేస్తుంది. ఇద్దరం ఒకే బడిలో చదువుకున్నట్టుంది.

శుక్రవారం పొద్దున నా మూట విప్పాను. గోంగూర పచ్చడి, కంది పొడి, కారప్పొడి, జంతికలు. పచ్చడి సీసా మూడు నెలలకు సరిపోతుందని కొలిచి తెచ్చాను. నేను స్నానం చేసి వచ్చేసరికి ముగ్గురూ చుట్టూ కూర్చుని తెల్ల బ్రెడ్డుకు పూసుకుని తింటున్నారు. సీసా సగం ఖాళీ.

“ఇదేంటే! మూడు నెలల పచ్చడి మూడు ముక్కల్లో తింటారా? కడుపా, మరా అది?” అని కేకలేశాను.

కడప పిల్ల నోట్లో ముద్దతోనే, “మీరు కొట్టినా పర్వాలేదు అవ్వా, ఇంకొక్కటి తింటా” అంది. బర్మా పిల్లకు కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, కారానికి. అయినా ఆపలేదు.

వాసనకు ఇంటావిడ కూడా వచ్చింది. వేలితో కాస్త తీసి నాలిక మీద వేసుకుని, రెండు నిమిషాలు గోడ పట్టుకుని నిలబడి, తర్వాత వంటింట్లోంచి చిన్న గిన్నె తెచ్చి నా ముందు చాపింది. ఎనిమిది డాలర్లలో ఒకటి తగ్గించమని వేలు చూపించాను. గిన్నె వెనక్కి తీసుకుంది.

నీళ్ళు ఉమ్మే సింహం

శనివారం ఊరు చూపిస్తానంది హారిక. రైల్లో తీసుకెళ్ళింది. రైలు ఎంత శుభ్రమంటే కూర్చోవడానికి నాకే మొహమాటం వేసింది. ఆకలేసి సంచిలోంచి జంతిక తీశాను. ఇంకా నోటి దాకా పోలేదు, హారిక చేతి మీద కొట్టినంత పని చేసి లాక్కుంది. రైల్లో తింటే అయిదు వందల డాలర్ల జరిమానా అని బోర్డు చూపించింది. మనసులో హెచ్చవేసుకున్నాను. ముప్పై రెండు వేల అయిదు వందలు. ఆ డబ్బుతో మా వీధి మొత్తానికీ పెళ్ళి జంతికలు వండొచ్చు.

సముద్రం ఒడ్డున అందరూ ఫొటోలు తీసుకునే బొమ్మ ఒకటుంది. తల సింహానిది, ఒళ్ళు చేపది, నోట్లోంచి పొద్దస్తమానం నీళ్ళు ఉమ్ముతూ ఉంటుంది. దేశదేశాల నుంచి జనం వచ్చి దాని ముందు నోరు తెరిచి, ఆ నీళ్ళు తాగుతున్నట్టు ఫొటోలు దిగుతున్నారు. మా నరసింహస్వామికి కనీసం మనిషి ఒళ్ళిచ్చారు, దీనికి అదీ లేదు. అయినా దణ్ణం పెట్టాను. ఏ దేవుడు ఎప్పుడు పనికొస్తాడో చెప్పలేం.

అక్కడ నీళ్ళ సీసా కొందామంటే హారిక వద్దంది. సంచిలోంచి ఇంటి దగ్గర పట్టిన సీసా తీసింది. నాకు గర్వమేసింది, నా పోలికేనని. తర్వాత దాని చెప్పులు చూశాను. ఒక చెప్పు పట్టీని పిన్నీసుతో బిగించి ఉంది. నేను పొదుపు చేస్తాను గానీ పిన్నీసు చెప్పులతో కాలేజీకి పోయేంత పొదుపు ఎవరికీ నేర్పలేదు.

లిటిల్ ఇండియా, ఆదివారం

ఆదివారం సెరంగూన్ రోడ్డు చూస్తే మా తిరునాళ్ళ గుర్తొచ్చింది. వారమంతా ఇనుమూ సిమెంటూ మోసిన మగవాళ్ళు వేలల్లో వచ్చి పడతారు. ఇంటికి డబ్బు పంపే కొట్ల ముందు వరసలు, ఫోన్లలో పిల్లలతో ముద్దుమాటలు, పూల దండలు, మల్లెలు మూర రెండు డాలర్లు. మూర కూడా వాళ్ళ మూరే, చాలా పొట్టిది.

గుడికి వెళ్దామన్నాను. హారిక, “ఆ గుడి వద్దు, ఇంకో గుడికి పోదాం” అంది. దేవుళ్ళలో దీనికి ఎంపిక ఎప్పటి నుంచి? ఆ గుడికే లాక్కెళ్ళాను. దర్శనం అయ్యాక వెనక భోజనాల వరసలో నిలబడ్డాం. ఊరకే పెట్టే భోజనం ఎక్కడున్నా నేను వదలను. వడ్డించే తమిళావిడ అందరి కంచాల్లో ఒక్కో గరిటె అన్నం వేస్తోంది. హారిక దగ్గరికి వచ్చేసరికి రెండు గరిటెలు వేసింది. ఇంకో గరిటె పప్పు అడక్కుండానే పోసింది. తమిళంలో ఏదో అడిగి, నా వైపు చూసి నవ్వింది. ఆదివారం వచ్చావేం, ఈవిడ మీ అమ్మమ్మా అని. అది అర్థం కావడానికి తమిళం రానక్కర్లేదు.

కంచం పెట్టుకుని కూర్చున్నాక అడిగాను. “రోజూ ఇక్కడేనా?”

“రోజూ కాదు. కాలేజీ ఉన్న రోజులే.”

“రాత్రికి?”

“నూడుల్స్.”

“పొద్దున?”

హారిక అన్నం కలుపుతూ ఉండిపోయింది.

పక్కన కూర్చున్నతను కల్పించుకున్నాడు. జగిత్యాల వైపు మనిషి, పేరు మల్లేశం, ఓడలు కట్టేచోట వెల్డింగ్ పని. “ఏమనకు పెద్దమ్మా బిడ్డను. మేమే నయ్యం. మాకు జీతమన్న వస్తది, డబ్బాల బువ్వన్న వస్తది. ఈ ప్రైవేటు కాలేజీ పిల్లలకు పని జేసుకొనుడే లేదు, చేస్తె పట్టుకొని విమానం ఎక్కిస్తరు. ఊర్ల ఏజెంట్లేమొ పార్ట్ టైమ్ చేసుకొని ఫీజు కట్టుకోవచ్చని చెప్పి పంపిస్తరు. ఇట్లాంటి పిల్లలు ఈడ వరసల రోజు కనవడుతరు. అడిగితె మొక్కు ఉన్నదంటరు.”

“నువ్వూ మొక్కనే చెప్పావా?” అన్నాను హారికతో.

“శనివారాలు అని చెప్పాను,” అంది. “తర్వాత అన్ని వారాలూ అయిపోయాయి.”

దీన్ని ఇక్కడికి పంపించిన గుంటూరు ఏజెంటు నా కళ్ళముందు కదిలాడు. నుదుట అంత పొడుగు నామం పెట్టుకుని కూర్చుంటే, కనీసం స్వామి భయమైనా ఉంటుందనుకుని సంతకం పెట్టాను. స్వామికీ కమిషన్ ఇచ్చినట్టున్నాడు.

గుడి బయట మెట్ల దగ్గర మిగతాది కక్కించాను. ఆఖరి విడత ఫీజు పదహారు వందల డాలర్లు కట్టలేదు. కట్టకపోతే మంగళవారం పరీక్షలో కూర్చోనివ్వరు. గడువు సోమవారం సాయంత్రం అయిదు. కూర్చోకపోతే చదువు అయినట్టు కాదు, చదువు అయినట్టు కాకపోతే ఇక్కడ ఉండే అనుమతీ ఉండదు. ఏడాదిన్నర, పెట్టిన డబ్బంతా, ఆ చేప సింహం నోట్లో నీళ్ళు.

“ముందే చెప్తే నోరు పడిపోతుందా?”

“చెప్తే మర అమ్మేస్తావని చెప్పలేదు.”

“మర కొనే వెర్రివాడు ఎవడే? దాని బెల్టు నా వయసుది!”

“అమ్మ కుట్టే చీర ఒక్కదానికి ఎంత వస్తుందో నాకు తెలుసు అమ్మమ్మా. నేను అడగలేను.”

“అడగలేనిదానివి ఆకలితో పడిపోతే, నిన్ను పెట్టెలో పెట్టి పంపడానికి ఎంతవుతుందో అడిగావా ఎవర్నైనా?”

మాట బయటికి వచ్చేసింది. హారిక ఏడ్చింది. నేను మల్లెలు అమ్మే అమ్మాయితో మూర మూరే కాదని గొడవ పెట్టుకున్నాను. నాకు ఏడుపు వస్తే ఎవరితోనో ఒకరితో గొడవ పెట్టుకోవాలి.

గాజు తలుపుల కాలేజీ

కాలేజీ అంటే చెట్లూ మైదానమూ ఉంటాయనుకున్నాను. ఒక మేడలో మూడో అంతస్తు. కింద పళ్ళ డాక్టరు, పైన మసాజు. సోమవారం పదకొండు గంటలకు వెళ్ళాం. నా దగ్గర తిరుగు ఖర్చులకీ, చుట్టాలకు సరుకులు కొనడానికీ తెచ్చినవి, రోజు ఖర్చు చిల్లర పోను, ఎనిమిది వందల డాలర్లున్నాయి. అవి కౌంటర్ మీద పెట్టాను. కౌంటర్ దగ్గరి అమ్మాయికి పాతికేళ్ళుంటాయి, గుండ్రటి కళ్ళజోడు, చైనీస్ పిల్ల. నేను తెలుగులో చెప్పడం, హారిక ఇంగ్లీషులో చెప్పడం.

“సగం తీసుకోమను. మిగతా సగం మూడు నెలల్లో. చీరాల పిండి మర పూచీ.”

పూచీ మాట హారిక చెప్పలేదని నాకు తెలుసు.

“సారీ ఆంటీ, కెనాట్. సగం కట్టించుకునే పద్ధతి సిస్టమ్‌లో లేదు,” అంది ఆ పిల్ల. మర్యాదగానే.

సిస్టమ్ అనే ఆయన ఎవరో గానీ ఆ దేశంలో అందరికీ ఆయనంటే భయం. నేను అక్కడే కుర్చీలో కూర్చున్నాను. మా దగ్గర కరెంటు ఆఫీసులో కొత్త మీటరు కోసం రెండు రోజులు కూర్చున్న అనుభవం ఉంది. ఆఫీసుల్లో పని జరగాలంటే వాళ్ళ కళ్ళకు అడ్డంగా ఉండాలి. పన్నెండయింది, రెండయింది. జంతికలు తీశాను. ఇక్కడ తినకూడదంది. తినను, పట్టుకుంటానన్నాను. మూడున్నరకు తనే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను తనకొక జంతిక ఇచ్చాను. కౌంటర్ కింద దాచుకుని తింది. కరకర వినిపించింది.

నాలుగున్నరకు గాజు గది తలుపు తెరిచి, మర్నాటి పరీక్షకు బల్లల మీద పేర్ల చీటీలు అంటించడం మొదలుపెట్టింది. నేనూ వెనకాలే వెళ్ళాను. ఒక్కో బల్లకు ఒక నంబరు, ఒక పేరు. పద్నాలుగో నంబరు బల్ల మీద చీటీ లేదు.

“ఇది నాదే,” అంది హారిక మెల్లగా. ఏడుపు కూడా రావడం లేదు దానికి.

ఇక్కడ నేనొక నిజం ఒప్పుకోవాలి. మొదటి రోజు నేను తీసింది అయిదు పొట్లాలు కాదు, ఆరు. ఆరోది సంచి అడుగున కంది పొడి కింద చిక్కుకుంది. శుక్రవారం కనిపించింది. కనిపించినా తిరిగి ఇవ్వలేదు. ఆ పొట్లం ఎవరిదో వాళ్ళు నన్ను క్షమించాలి. తెలుగు రాదు కాబట్టి ఇది చదవరు, అదొక ధైర్యం.

సంచిలో చెయ్యి పెట్టి ఆ పొట్లం తీసి, కంది పొడి దులిపి, పద్నాలుగో నంబరు బల్ల మధ్యలో పెట్టాను.

“చోప్,” అన్నాను.

“అమ్మమ్మా!” అంది హారిక.

కౌంటర్ పిల్ల పొట్లాన్ని చూసింది, నన్ను చూసింది. “ఆంటీ! లైక్ దట్ కెనాట్ లా!”

“అలా ఎందుకు కుదరదో అడుగు,” అన్నాను హారికతో. “సూపు గిన్నెతో చేతులు కాలుతున్నా మీ ఊరి పెద్దాయన ఈ పొట్లాన్ని పక్కకు నెట్టలేదు. నేను చూశాను. లైన్లో ఉన్న మనిషి సీటు ఎవరూ తీసుకోకూడదని మీ పద్ధతే కదా. నా మనవరాలు లైన్లోనే ఉంది. ఏడాదిన్నర నుంచి ఉంది. ఇంకా వంతు రాలేదు, అంతే. కాదంటే తనే తీసేయమను.”

హారిక ఈసారి ఒక్క ముక్క వదలకుండా చెప్పింది.

ఆ పిల్ల పొట్లం వైపు చెయ్యి చాపింది. వెనక్కి తీసుకుంది. నవ్వు ఆపుకుంటోందో ఇంకేదో తెలియలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత కౌంటర్ దగ్గరికి వెళ్ళి నా ఎనిమిది వందలు లెక్కపెట్టి, చేత్తో రసీదు రాసింది.

“బాస్ ఈరోజు లేడు. పొద్దున అడుగుతాను. ప్రామిస్ చేయలేను. ఎనిమిదిన్నరకు రండి,” అంది.

“పొట్లం?” అన్నాను.

గాజు గది తలుపు వేసి తాళం పెట్టింది. పొట్లం లోపలే ఉంది.

మంగళవారం

పొద్దున ఇంటావిడ ముందు నా దగ్గర రాత్రి అద్దె ఎనిమిది డాలర్లు తీసుకుని, తర్వాత హారిక చేతిలో ఉడికించిన గుడ్డు పెట్టింది.

ఎనిమిదిన్నరకు కాలేజీలో ఉన్నాం. కౌంటర్ పిల్ల లోపలి గదిలోకి వెళ్ళి పది నిమిషాలకు వచ్చింది. పరీక్ష రాయొచ్చు, మిగతా డబ్బు కట్టేదాకా మార్కులు ఇవ్వరు, అని చెప్పింది. హారిక రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అదే చెప్పింది.

గాజు గది తలుపు తీశారు. పొట్లం పద్నాలుగో నంబరు బల్ల మీద పెట్టిన చోటే ఉంది. దాని పక్కన పేరు చీటీ అంటించి ఉంది. హారిక పొట్లాన్ని బల్ల అంచుకు జరిపి కూర్చుంది. తలుపు వేసేశారు.

నేను కిందకు దిగి వీధి దాటి అక్కడున్న ఇంకో హాకర్ సెంటర్‌కు పోయి రెండు ఇడ్లీలు కొన్నాను. బల్లలన్నిటి మీదా పొట్లాలున్నాయి. నా పొట్లం పైన ఉండిపోయింది. నిలబడి తిన్నాను.